దానం కోసం ప్రచారం – ధర్మం ఏమంటుంది?

కర్నూలు జిల్లా నుండి ఒక సోదరి ఆ మధ్య మాకు ఫోను చేశారు. ఆమె ఇంట్లో వండే వంటలను వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెడుతుంటారు. ముఖం చూపించరు. చేతులు, గిన్నెలు, పొయ్యి మాత్రమే కనిపిస్తాయి. హలీమ్, ఖీమా, షీర్ ఖుర్మా వంటివి తెలుగులో ఓపికగా వివరిస్తారు కనుక వేలాది ఇళ్ళలో స్త్రీలు ఆమె చెప్పింది చూసి వండుకుంటారు, ఆమె చెప్పిన సరుకులే కొంటారు.

ఒక నూనె కంపెనీ వారు ఆమెను సంప్రదించారట. “మా నూనెతో రంజాన్ వంటకం ఒకటి చేసి చూపించండి. నూనె బాగుందని, మీ ఇంట్లో ఇదే వాడతారని ఒక్క మాట చెప్పండి. మీకు కానుకల పెట్టె పంపుతాం. అంతేకాదు, ఆ వీడియోను వెయ్యి మంది చూస్తే వంద రూపాయల చొప్పున ఒక అనాథ పిల్లల పాఠశాలకు ఇస్తాం” అన్నారు. దానితోపాటు ఒక షరతు కూడా పెట్టారు. కానుక సంగతి మాత్రం బయటకు చెప్పకూడదు.

“మౌలానా సాబ్, నేను ఆ నూనె ఎప్పుడూ వాడలేదు. కానుక నాకేమీ అక్కరలేదు. కాని నేను కాదంటే ఆ పిల్లలకు రావలసిన డబ్బు రాదు కదా! రేపు అల్లాహ్ దాని గురించి నన్ను అడుగుతాడా?” అన్నది ఆ సోదరి ప్రశ్న.

ఫోనులో ఒక్క మాటలో జవాబు చెప్పేసి ఉండవచ్చు. కాని ప్రశ్న ఆమె ఒక్కరిది కాదనిపించింది. దుకాణంలో ఏదో ఒక వస్తువు మీద “మీరు కొంటే ఒక బిడ్డకు సాయం” అన్న మాట చదవని కుటుంబం నేడు అరుదు. కనుక విషయాన్ని కొంచెం వివరంగా పరిశీలిద్దాం.

ఈ పద్ధతి ఎక్కడిది?

వ్యాపారాన్ని, దానాన్ని ఒకే తాడుతో కట్టే ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికా. 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనే కార్డుల కంపెనీ ఒక ప్రకటన చేసింది. తమ కార్డుతో కొన్న ప్రతిసారీ ఒక సెంటు, కొత్తగా కార్డు తీసుకున్న ప్రతి ఒక్కరి పేరిట ఒక డాలరు న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమ మరమ్మతులకు ఇస్తామన్నది. ఆ విధంగా సుమారు 17 లక్షల డాలర్లు సమకూరాయి. కార్డు వాడకమూ బాగా పెరిగింది. దానితో దానం కూడా అమ్మకానికి పనికివస్తుందని మిగతా కంపెనీలు గ్రహించాయి.

మరో ఉదాహరణ చూడండి. యోప్లే అనే పెరుగు కంపెనీ, డబ్బా మూతలు పంపితే మూతకు 50 సెంట్ల చొప్పున రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు ఇస్తామని చెప్పింది. జనం 90 లక్షలకు పైగా మూతలు కడిగి, ఎండబెట్టి పంపారు. లెక్క ప్రకారం 45 లక్షల డాలర్లకు పైగా ఇవ్వాలి. కాని కంపెనీ తన దానానికి ముందే లక్ష డాలర్ల హద్దు పెట్టుకుంది! 1999లో జార్జియా రాష్ట్ర ప్రభుత్వ న్యాయవాది ఈ సంగతిని పట్టుకుని నిలదీసిన తరువాత కంపెనీ మరికొంత సొమ్ము చెల్లించింది. మూతలు పంపిన స్త్రీలలో ఎందరో ఆ జబ్బుతో తల్లినో, అక్కనో పోగొట్టుకున్నవారై ఉంటారు. వారి దుఃఖాన్ని కంపెనీ సరుకుగా వాడుకున్నట్లయింది.

ఆ తరువాత ఇంటర్నెట్ వచ్చింది. పత్రికలో ప్రకటన వేయడం కన్నా, జనం నమ్మే ఒక సాధారణ వ్యక్తి చేత రెండు మంచి మాటలు చెప్పించడం చౌక అని, బాగా పనిచేస్తుందని కంపెనీలు తెలుసుకున్నాయి. 2009 మార్చిలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ ఇంటర్నెట్‌లో పలుకుబడి ఉన్న కొందరిని సిన్సినాటి నగరానికి పిలిపించి, తమ టైడ్ సబ్బుపొడి పేరున్న చొక్కాలను వారి పరిచయస్థులకు అమ్మించింది. ఆ సొమ్ము విపత్తు బాధితుల సాయానికి వెళ్ళింది. అది బహిరంగంగానే జరిగింది. అయినా, స్నేహితుల నమ్మకాన్ని ఒక కంపెనీ పేరు కోసం ఇలా వినియోగించవచ్చా అన్న చర్చ అప్పుడే మొదలయింది. అదే సంవత్సరం అక్టోబరులో అమెరికా వాణిజ్య కమిషన్, డబ్బో వస్తువో పుచ్చుకుని ఒక సరుకును మెచ్చుకునేవారు ఆ సంగతిని బయటపెట్టాలని తన మార్గదర్శకాలలో స్పష్టం చేసింది.

మన దేశంలోనూ ఇప్పుడు అదే నియమం. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇటువంటి సూచనలే జారీ చేశాయి. కానుక, ఉచిత వస్తువు, రాయితీ, ప్రయాణ ఖర్చు – ఏది తీసుకున్నా చూసేవారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. తాము వాడి చూడని వస్తువును మెచ్చుకోకూడదు.

ఇది లోకం చట్టం. మరి ధర్మం ఏమంటుంది?

లాభం కోరినంత మాత్రాన దానం చెడిపోతుందా?

ముందుగా ఒక తొందరపాటు నుండి మనల్ని మనం కాపాడుకోవాలి. కంపెనీ దానం అనగానే “ఇదంతా నాటకం, పేరు కోసమే” అని కొట్టిపారేయడం మనలో చాలామందికి అలవాటు. దివ్య ఖుర్ఆన్ ఇటువంటి నోళ్ళను మందలించింది. తబూక్ యుద్ధ సమయంలో ఎక్కువ ఇచ్చినవారిని ప్రదర్శన కోసం ఇచ్చారని, పిడికెడు ఖర్జూరాలు తెచ్చిన పేదలను వీటి అవసరం అల్లాహ్‌కు ఏముందని కపటులు హేళన చేశారు. తౌబా సూరా 79వ ఆయత్ ఆ హేళన చేసినవారి గతిని తెలియజేస్తుంది. ఇతరుల గుండె లోపలి సంకల్పాన్ని తూచే త్రాసు మన చేతిలో లేదు.

బహిరంగంగా దానం చేయడం కూడా తప్పు కాదు. బఖరా సూరా 271వ ఆయత్ బాహాటంగా ఇవ్వడాన్ని మంచిదే అన్నది, రహస్యంగా పేదలకు ఇవ్వడాన్ని మరింత మేలన్నది. ముజర్ తెగకు చెందిన నిరుపేదలు ఒంటి మీద సరైన బట్ట కూడా లేకుండా మదీనా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ముఖం వాడిపోయింది. ఆయన ప్రజలను ప్రోత్సహించారు. ఒక అన్సారీ సహాబీ చేతులు మోయలేనంత బరువైన సంచిని అందరి ఎదుటే తెచ్చి పెట్టారు. ఆయనను చూసి జనం వరుస కట్టారు. ఆహారం, బట్టలు రెండు కుప్పలయ్యాయి. మంచి ఆనవాయితీని మొదలుపెట్టిన వ్యక్తికి, దానిని అనుసరించినవారి పుణ్యంతో సమానమైన పుణ్యం కూడా దక్కుతుందని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించిన సందర్భం అదే. మేలుకు దారి చూపినవారికి మేలు చేసినవారి వంటి ప్రతిఫలం ఉందన్న హదీసు కూడా మనకు తెలిసిందే.

పుణ్యకార్యంలో కూలి తీసుకోవడం కూడా నిషిద్ధం కాదు. జకాత్ వసూలు చేసే ఉద్యోగికి జకాత్ సొమ్ము నుండే వేతనం ఇవ్వాలని తౌబా సూరా 60వ ఆయత్ నిర్ణయించింది. సరుకు అమ్మిపెట్టిన దలాలీకి ముందుగా మాట్లాడుకున్న రుసుము ఇవ్వడాన్ని మన ధర్మవేత్తలు అనుమతించారు.

కనుక ఒక కంపెనీ తన లాభంలో కొంత అనాథలకు ఇస్తే, ఆ సంగతిని ఎవరైనా పదిమందికి చెబితే, చెప్పినందుకు కూలి తీసుకుంటే – ఇంతవరకు ధర్మం అడ్డు చెప్పదు. పేరు కోసం ఇచ్చిన అన్నమైనా ఆకలిగొన్న బిడ్డ కడుపు నింపుతుంది. నష్టపోయేది ఇచ్చినవాడే. ప్రళయదినాన అందరికన్నా ముందు విచారణకు నిలబడే ముగ్గురిలో, ఉదారుడని జనం అనాలని ఖర్చు చేసిన ధనవంతుడు కూడా ఉన్నాడని సహీ ముస్లిం హదీసు హెచ్చరిస్తున్నది. అతను కోరుకున్న పేరు అతనికి లోకంలోనే ముట్టింది. పరలోకంలో ఇవ్వడానికి మిగిలింది ఏమీ లేదు.

మెచ్చుకోలు ఒక సాక్ష్యం

అయితే సోదరి అడిగింది కంపెనీ దానం గురించి కాదు, తన మాట గురించి. అసలు సమస్య అక్కడే ఉంది.

“మా ఇంట్లో ఇదే వాడతాం” అనే మాట ప్రకటన కాదు, సాక్ష్యం. వినేవారు దానిని సాక్ష్యంగానే స్వీకరిస్తారు. దైవప్రవక్త (స) ఘోరమైన పాపాలను లెక్కిస్తూ, ఆనుకుని కూర్చున్నవారు లేచి నిటారుగా కూర్చుని, అబద్ధపు సాక్ష్యం గురించి మళ్ళీ మళ్ళీ హెచ్చరించారు. ఇక ఆపితే బాగుండునని సహాబాలు అనుకునేంతగా హెచ్చరించారు. కోర్టులో ఖాజీ ముందు చెప్పేది మాత్రమే సాక్ష్యం అని మనం అనుకుంటాం. ఒకరు మన మాట నమ్మి జేబులోంచి డబ్బు తీసే ప్రతిచోటా మనం సాక్షులమే.

వేలంలో కొనే ఉద్దేశం లేకుండానే ధర పెంచి, వస్తువు మీద ఇతరులకు మోజు పుట్టించడాన్ని ‘నజష్’ అంటారు. దైవప్రవక్త (స) దానిని నిషేధించారు. నజష్ చేసేవాడు కొనుగోలుదారుడి వేషంలో నిలబడ్డ అమ్మకందారుడి మనిషి. వాడని నూనెను వాడుతున్నానని చెప్పే గృహిణి ఏ వేషంలో నిలబడినట్లు? ఆమె చెప్పింది అబద్ధం మాత్రమే కాదు, ఆమె నిలబడిన చోటు కూడా అబద్ధమే.

ఇక కానుకను దాచడం సంగతి. ఇబ్నుల్ లుత్‌బియా అనే వ్యక్తిని దైవప్రవక్త (స) జకాత్ వసూలుకు పంపారు. ఆయన తిరిగి వచ్చి, ఇది మీ సొమ్ము, ఇది నాకు ఇచ్చిన కానుక అని రెండు భాగాలు చేసి చూపారు. అప్పుడు దైవప్రవక్త (స) మింబరు మీద నిలబడి, ఆ వ్యక్తి తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చి ఉండేదా అని ప్రశ్నించారు. గమనించండి! ఆయన కానుకను దాచలేదు, బయటపెట్టారు. అయినా అంత గట్టి ప్రశ్న ఎదురయింది. దాచమని షరతు పెట్టిన కానుక గతి ఏమిటో మనమే ఆలోచించుకోవాలి. ఆ పెట్టె సోదరి ఇంటికి వస్తున్నది ఆమె వంట రుచి చూసి కాదు, వేలమందికి ఆమె మీద ఉన్న నమ్మకాన్ని చూసి.

కొనేవారు, అమ్మేవారు నిజం చెప్పి, లోపాన్ని విప్పి చూపితే బేరంలో శుభం ఉంటుందని, దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకు పోతుందని బుఖారీ, ముస్లిం హదీసులలో ఉంది. బజారులో ధాన్యపు రాశి లోపలికి చేయి పెట్టి తడిని కనుగొన్న సంఘటన కూడా మన పిల్లలకు తెలుసు. తడిసిన గింజలను పైన పెట్టి ఉంటే ఆ వర్తకుడికి తప్పు లేకపోయేది. తడిసింది వాన వల్ల. దాచింది మాత్రం చేతులారా.

“మరి పిల్లల సంగతి?”

ఇక్కడ ఒక బలమైన వాదన ఉంది. దానిని తప్పించుకోకూడదు. “నూనె మంచిదే. ఎవరికీ హాని లేదు. ఒక్క చిన్న మాటతో నలభై మంది పిల్లలకు పుస్తకాలు వస్తాయి. ఇద్దరి మధ్య రాజీ కోసం లేని మంచి మాట కల్పించి చెప్పేవాడు అబద్ధాలకోరు కాడని హదీసు ఉంది కదా! ఇదీ మేలు కోసమే కదా!”

రాజీ కోసం చెప్పే మాటలో ఎవరి హక్కూ పోదు. ఇద్దరి మనసుల్లోని కసి మాత్రమే పోతుంది. ఇక్కడ ఒకరి హక్కు పోతున్నది. నెల జీతంలో నుండి లెక్క చూసుకుని నూనె కొనే ఆ ఇల్లాలికి నిజం తెలుసుకునే హక్కు ఉంది. ఆమె సాధారణంగా కొనే నూనె వదిలి, లీటరుకు పది రూపాయలు ఎక్కువ పెట్టి దీనిని కొన్నది. ఎందుకు? సోదరి వాడుతున్నానన్నది కనుక. అంటే అనాథల పుస్తకాలకు అసలు డబ్బు పెట్టింది కంపెనీ కాదు, సోదరి కాదు. తనకు తెలియకుండానే ఆ ఇల్లాలు పెట్టింది. ఒకరి నుండి మోసంతో తీసుకుని మరొకరికి ఇవ్వడాన్ని మనం దానం అనం. అల్లాహ్ పరిశుద్ధుడని, పరిశుద్ధమైన దానినే స్వీకరిస్తాడని దైవప్రవక్త (స) తెలిపారు.

మరొక నష్టం కూడా ఉంది. ఈ రోజు అనాథల పేరు చెప్పి నమ్మించారని రేపు తెలిస్తే, ఎల్లుండి నిజమైన అనాథ కోసం చేయి చాచినవారిని కూడా జనం అనుమానిస్తారు. నలభై మంది పిల్లల పుస్తకాల కోసం నాలుగు వందల మంది పిల్లల తలుపు మూసినట్లవుతుంది.

ఇక పాఠశాలకు రాని ఆ డబ్బు గురించి సోదరిని అడుగుతాడా? ప్రతి ప్రాణీ తన చేతలకే బాధ్యత వహిస్తుంది. ఇవ్వగలిగి కూడా అబద్ధానికి ముడిపెట్టి ఇవ్వకుండా ఆపింది కంపెనీ. ఆ లెక్క కంపెనీ పెద్దలది. అయితే “నా బాధ్యత కాదు” అని చేతులు దులుపుకోవడానికి కూడా వీలులేదు. ఆ పిల్లల అవసరం నిజం. అది మన చెవిన పడింది. మనకు ఉన్నంతలో మనం ఇవ్వాలి. ఇద్దరు వ్యక్తులలో రెండే దిర్హములున్న మనిషి ఇచ్చిన ఒక్క దిర్హము, అపార సంపద ఉన్న మనిషి ఇచ్చిన లక్ష దిర్హములను మించిపోయిందని నసాయీ హదీసులో ఉంది.

మేము చేసిన పొరపాటు

ఇదంతా ఇతరులకు బోధించడం సులువు. మా సంగతి కూడా చెప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం రంజాన్‌కు ముందు ఒక బట్టల దుకాణం వారు మా మదరసాకు పది బస్తాల బియ్యం ఇచ్చారు. సహరీ, ఇఫ్తార్ వేళల కాగితాలు కూడా తమ దుకాణం పేరుతో అచ్చు వేయించి పంచారు. జుమా నమాజు అయిన తరువాత మేము లేచి, ఆ దుకాణంలో బట్టలు మన్నికైనవని, ధరలు సరసమైనవని, ఈద్ బట్టలు అక్కడే కొనండని చెప్పాము. బియ్యం సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాలని తోచలేదు. మదరసా పిల్లలకు మేలు జరిగింది కదా అన్న తృప్తి మాత్రం ఉంది.

బయటకు వస్తుంటే ఒక పెద్దాయన మా చేయి పట్టుకుని నెమ్మదిగా అడిగారు. “మౌల్వీ సాబ్, ఆ దుకాణంలో మీరెప్పుడైనా బట్ట కొన్నారా?” మా దగ్గర జవాబు లేదు. “లేదు కదా బేటా, మరి మన్నిక సంగతి మీకు ఎలా తెలిసింది?” అని ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయారు. మరుసటి జుమాకు మేము లేచి అసలు సంగతి చెప్పాము. దుకాణం వారు నొచ్చుకున్నారు. తరువాతి సంవత్సరం బియ్యం రాలేదు. ఆ ఏడాది వంటగది నడపడం కష్టమయింది. నిజం చెప్పినందుకు వెంటనే పది రెట్లు వచ్చాయని మేము చెప్పబోవడం లేదు. రాలేదు. మొహల్లా వారు తలా పిడికెడు ఇచ్చారు. ఎలాగో గడిచింది.

పాటించవలసిన విషయాలు

ఇటువంటి అవకాశం ఎదురైనప్పుడు ఈ విషయాలు గమనించాలి.

1. వస్తువు ధర్మసమ్మతమైనదై ఉండాలి. నిషిద్ధ వస్తువు లాభంలో అనాథ పేరు చేర్చినా అది హలాల్ కాదు.

2. వాడి చూసిన తరువాతే మాట్లాడాలి. మంచి ఎంత ఉందో అంతే చెప్పాలి. లోపం కనిపిస్తే అదీ చెప్పాలి.

3. కానుక గాని, కూలి గాని తీసుకుంటే మొదటనే స్పష్టంగా చెప్పాలి. చెప్పవద్దన్న షరతు ఉంటే ఆ బేరం వదులుకోవాలి. ఆ షరతే తప్పుకు గుర్తు.

4. దానం ఎంత, ఎవరికి, ఎప్పటిలోగా, హద్దు ఏదైనా ఉందా అని కంపెనీని అడగాలి. పెరుగు మూతల కథ మరువకూడదు. ఆ సంస్థను కూడా స్వయంగా విచారించాలి.

5. మన దేశంలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక సేవకు ఖర్చు చేయాలి. తమ సరుకుకు ప్రచార లాభం కోసం చేసే సాయాన్ని ఆ లెక్కలో చూపకూడదని 2021లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. కనుక ఇది ఎటువంటి సొమ్మో అడగడంలో మొహమాటం అక్కరలేదు.

6. అటువంటి వస్తువు కొని “నా జకాత్ అందులో పోయింది” అనుకోకూడదు. మనం చెల్లించింది వస్తువు ధర. జకాత్‌కు సంకల్పం కావాలి, మన సొమ్ము హక్కుదారుడి చేతికి సొంతంగా చేరాలి. దాన్ని వేరుగా లెక్కగట్టి ఇవ్వాలి.

7. పిల్లల పేదరికాన్ని బొమ్మగా చేసి చూపించకూడదు. దెప్పిపొడుపు, మనసు నొప్పించడం దానాన్ని వ్యర్థం చేస్తాయని బఖరా సూరా 264వ ఆయత్ హెచ్చరిస్తున్నది.

సోదరికి మేము చెప్పింది ఇంతే: “చెల్లెమ్మా, ఆ నూనెతో ఒక నెల వండి చూడండి. నచ్చితే, కంపెనీ వారు పంపారని, పిల్లలకు ఇంత ఇస్తామన్నారని ఉన్నది ఉన్నట్లు చెప్పండి. దానికి వారు ఒప్పుకుంటే మీకు ఇన్షా అల్లాహ్ పుణ్యమే. ఒప్పుకోకపోతే వదిలేయండి.”

ఆమె అలాగే అడిగారు. కంపెనీ వారు మళ్ళీ పలకలేదు. “చాలా బాధగా ఉంది మౌలానా సాబ్, ఆ పిల్లలే గుర్తొస్తున్నారు” అన్నారు. ఆ పాఠశాల చిరునామా సంపాదించి, తన ఇంటి ఖర్చులో నుండి నెలకు కొంత పంపడం మొదలుపెట్టారు. కంపెనీ ఇస్తానన్న దానితో పోలిస్తే అది చాలా తక్కువ. కాని అందులో ఎవరి నమ్మకమూ కరిగి కలవలేదు.

ప్రియ పాఠకులారా! నేడు ప్రతి ఇంట్లో ఒక ఫోను ఉంది, ప్రతి ఫోనులో ఒక మింబరు ఉంది. మన మాట విని కొనేవారు, మన మాట విని ఇచ్చేవారు ఉన్నారు. ఆ నమ్మకం మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. దానిని ఒక నూనె సీసాకు గాని, ఒక బియ్యపు బస్తాకు గాని, చివరికి ఒక మంచి పనికి గాని అమ్ముకునే హక్కు మనకు లేదు.

అల్లాహ్ మన సంపాదనను, మన దానాన్ని, మన నాలుకను పరిశుద్ధంగా ఉంచుగాక! అనాథల అవసరాలను నిజాయితీతో తీర్చే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.